ఓవరి ఎవరికి?

“ఇంటిపని”, “ఇంటినుండి పని” అను రెండు మాటల నడుమ వ్యాకరణమునందు గల భేదము స్వల్పము. మొదటిది షష్ఠీతత్పురుష సమాసము. విగ్రహవాక్యము చెప్పుమని ఉపాధ్యాయుడు అడిగినచో “ఇంటియొక్క పని” అని ఉన్నతపాఠశాల విద్యార్థి తడుముకొనకుండ చెప్పును. రెండవది సమాసము కాలేదు. “నుండి” అను చిన్నమాట నడుమ నిలిచి ఇంటిని ఒక వంకకు, పనిని ఒక వంకకు ఉంచుచున్నది. భాషలో ఆ చిన్నమాట కాయుచున్న కాపు ఇంటిలో కాయువారు లేరు. అక్కడ రెండు పనులును ఒకదానిలోనికి ఒకటి చొరబడి మూడవదానికి చోటు లేకుండ చేయుచున్నవి. ఆ మూడవది తనదైన పొద్దు: ఉద్యోగికి గాక, తల్లికి గాక, తండ్రికి గాక, ఆ మనిషికి చెందవలసిన కొంచెము కాలము.

2020వ సంవత్సరము మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ మొదలైన నాటినుండి ఇంటినుండి పని ఇంటింటి మాట యైనది. అంతకు ముందు అది కొలదిమంది కంప్యూటరు ఉద్యోగుల వాడుకలో నున్న మాట. మహమ్మారి తగ్గినది కాని, కార్యాలయమునుండి ఇంటికి వచ్చిన పని పూర్తిగా తిరిగి పోలేదు. 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి, స్త్రీలకు ఇంటినుండి పనిచేయు అవకాశములను విరివిగా కల్పింపవలెనను ఆలోచనను ప్రకటించిరి. మహానగరమునకు వలసపోలేని విద్యావతులకు ఇది మంచి వార్త. ఇందు సందేహము లేదు. పెండ్లియైన పిమ్మట పట్టా చుట్టి పెట్టెలో పెట్టిన యువతులు పల్నాటి ప్రతి వీధిలోను గలరు. వారికి జీతము వచ్చు త్రోవ తెరచుకొనుట చిన్న సంగతి కాదు. ఐనను తలుపు తెరచునప్పుడే దాని గడియ ఎవరి చేతిలో నున్నదో చూచుకొనుట మంచిది.

ఈ ప్రశ్నను విజయపురి సౌత్‌లో నిలబడి ఆలోచించుటకు ఒక కారణము గలదు. అది పంటచేలనడుమ తనంత పెరిగిన పల్లె కాదు, వర్తకముచే ఎదిగిన పట్టణము కాదు. పని కొరకు కట్టిన ఊరు. 1955 డిసెంబరు 10న జవాహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిన పిదప, కృష్ణ కుడిగట్టున ప్రాజెక్టు సిబ్బంది నివాసములతో అది వెలసినది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడచువరకు ఆ తావున పని యెక్కడ, ఇల్లెక్కడ అను సందేహము ఎవ్వరికిని కలుగలేదు. పని ఆనకట్టమీద, ఇల్లు క్వార్టరులో, లేదా గుడిసెలో. అది రాతికట్టడపు ఆనకట్ట. రాయి, సున్నము, సిమెంటు మనుష్యుల తలలమీద ఎక్కినవి. ఆ తట్టలు మోసినవారిలో స్త్రీలు అనేకులు. వారి బ్రతుకును తీపిచేసి చెప్పుట అన్యాయము. కాని పనినుండి ఇంటికి వచ్చుటకు వారికొక దారి యుండెను. తట్ట దించిన చోటికిని, పొయ్యి రాజేయు చోటికిని నడుమ ఆ నడక వారిది.

నేడు ఆ నడక లేదు. విజయపురి సౌత్‌లోని ఒక చిన్న యింటిలో, హైదరాబాదులోనో బెంగుళూరులోనో గల సంస్థకు పనిచేయు తల్లి దినచర్యను ఊహించుట కష్టము కాదు. వంటయింటినుండి లాప్‌టాప్ ఉన్న బల్లకు ఆరు అడుగులు. ఆ ఆరడుగులలో ఆమె ఇల్లాలు కావడము మాని ఉద్యోగిని కావలెను. కుక్కరు మూడవ కూత కూయగనే మరల ఇల్లాలు కావలెను. సమావేశమునందు కెమేరా ఆపి బిడ్డకు అన్నము కలుపును. కెమేరా పెట్టి లెక్క అప్పగించును. మధ్యాహ్నము గ్యాసు బండ తెచ్చిన పిల్లవాడు తలుపు కొట్టును. ఆ బండ ఆమెది కాదు, పొరుగింటివారిది. “నువ్వు ఇంట్లోనేగా ఉండేది, కాస్త తీసిపెట్టమ్మా” అని పొరుగింటి పిన్నిగారు పొద్దుననే చెప్పి పోయినారు. ఆమె చెడ్డది కాదు. రేపు ఈమెకు జ్వరము వచ్చినచో చారు కాచి తెచ్చునదియు ఆమెయే. కాని “ఇంట్లోనేగా” అను ఆ ఒక్కమాటలో ఇరవయ్యేండ్ల చదువు, ఎనిమిది గంటల కొలువు మాయమైపోవుచున్నవి.

ఈ “ఇంట్లోనేగా” అను మాట కంప్యూటరుతో వచ్చినది కాదు. తెలుగుదేశమున ఇంటినుండి పని మగ్గమంత పాతది. గుంటమగ్గము ఇంటి నడిమధ్యనుండును. నేతగాడు గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుండిన చోటనే బిడ్డలు పాకెదరు, అతిథులు కూర్చుందురు. ఆసు పోయుట, కండెలు చుట్టుట ఇల్లాలి వంతు, పిల్లలదియు కొంత. చీర అమ్ముడుపోయినప్పుడు నేసినవాని పేరు వినబడును గాని, నూలు చుట్టిన చేయి లెక్కకు రాదు. అది పని యని ఆ చేయి గలామెకే తోచదు. “ఖాళీగా ఉన్నప్పుడు చుట్టుకుంటాను” అనును. ఖాళీ అను మాటకు ఆ యింటిలో గల అర్థము అది.

ఇంతకంటె తేటయైన ఉదాహరణము గోదావరి డెల్టాలో గలదు. నరసాపురము, పాలకొల్లు ప్రాంతములందు పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చిన లేసు అల్లిక స్త్రీల ఇంటిపనిగా వ్యాపించినది. మరియా మీస్ అను జర్మను సామాజికశాస్త్రవేత్త ఆ స్త్రీలనడుమ తిరిగి విషయము సేకరించి, 1982లో నరసాపురము లేసు పనివారలను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. ఆ గ్రంథపు పేరులోనే ఆమె ఒక వైపరీత్యమును నిలిపినది: వీరు గృహిణులు, కాని ప్రపంచ విపణికి సరకు తయారుచేయువారు. దినమునకు ఆరు మొదలు ఎనిమిది గంటలు సూది ఆడించిన స్త్రీలను ఊరును, వర్తకుడును, కడకు వారి భర్తలును తీరిక వేళ అల్లుకొను ఇల్లాండ్రనియే తలచిరి. పని తీరికగా లెక్కింపబడినది గనుక కూలి కూలిగా లెక్కింపబడలేదు. తీరిక అప్పటికే పనిలో ఖర్చై పోయినది గనుక వారికి వేరు తీరిక మిగులలేదు. ఒకే వేళను రెండుసార్లు పోగొట్టుకొనుట ఎట్లో తెలియవలెనన్న ఆ లేసుముక్క నొకదానిని చేతబట్టి చూచిన చాలును.

వారి విషయమున ఒక మాట నిర్మొగమాటముగా చెప్పవలసి యున్నది. నెలజీతముపై ఇంటినుండి పనిచేయు విద్యావతికి ఒక అరగంట దొరకినచో ఆ అరగంటవలన జీతము తరుగదు. బీడీలు చుట్టు తల్లికి, లేసు అల్లు తల్లికి, దుస్తులకు గుండీలు కుట్టు తల్లికి అరగంట యనగా ఇన్ని బీడీలు, ఇన్ని మూరలు, ఇన్ని గుండీలు. ఆమెతో “నీకొరకు కొంచెము సమయము కేటాయించుకొనుము” అని చెప్పుట, ఆకలిగొన్నవానితో పథ్యమును గూర్చి మాటాడుట వంటిది. అక్కడ మొదట మారవలసినది కూలిరేటు. 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపట్టున కూలిపని చేయువారి కొరకు 177వ సంఖ్యగల ఒడంబడికను ఆమోదించినది. ఇతర కూలీలతో సమానముగా వారిని చూడవలెననుట దాని సారము. భారతదేశము దానిని ధ్రువీకరింపలేదు. తీరికను గూర్చి వ్రాయు వ్యాసములు, ఉపన్యాసములు సాధారణముగా ఈ తల్లులను దాటిపోవుచుండును.

కాలమును కొలుచుటకు పూర్వులు గడియలు వాడిరి. గడియకు ఇరువదినాలుగు నిమిషములు. దినమునకు అరువది గడియలు. జాతీయ గణాంక కార్యాలయమువారు 2024లో జరిపిన కాలవినియోగ సర్వేను ఆ పాతకొలతలోనికి మార్చి చూచినచో చిత్రము స్పష్టమగును. వేతనము లేని ఇంటిపనులు చేయు స్త్రీలు దినమునకు సగటున 289 నిమిషములు, అనగా పన్నెండు గడియలు, ఆ పనులలో గడపుచున్నారు. అట్టి పనులలో చేయిపెట్టు పురుషులు గడపునది 88 నిమిషములు; నాలుగు గడియలైనను నిండలేదు. ఇందు బిడ్డల సంరక్షణ కలియలేదు. అది వేరు పద్దు. 2019లో ఇదే సర్వే జరిగినప్పుడు ఆ అంకెలు 299, 97. ఐదేండ్లలో స్త్రీలకు పది నిమిషములు తగ్గినవని సంతోషింపబోవునంతలో పురుషులకును తొమ్మిది తగ్గినట్లు కానవచ్చును. ఇద్దరి నడుమ వ్యత్యాసము 202 నిమిషములనుండి 201 నిమిషములకు దిగినది. మిక్సీలు, వాషింగుమిషనులు, గ్యాసుపొయ్యిలు, ఇంటికే సరకు తెచ్చు అంగళ్ళు, అన్నియు కలసి ఐదేండ్లలో సాధించిన సమానత్వము ఒక్క నిమిషము.

ఇక విజయపురి యను పేరు సంగతి. ఊరు కొత్తది గాని పేరు పాతది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి కృష్ణాలోయలో విలసిల్లి, సాగరజలములక్రింద మునిగినది. మునుగకముందు 1954 మొదలు 1960 వరకు పురావస్తుశాఖవారు త్రవ్వి తీసిన కట్టడములలో కొన్నింటిని నాగార్జునకొండపైనను, అనుపువద్దను తిరిగి నిలిపిరి. ఏటేట పాఠశాలల పిల్లలు బస్సులలో వచ్చి, లాంచీ ఎక్కి, ఆ కొండను చూచి పోవుచున్నారు. అక్కడి విహారముల అమరిక తెలిసినవారికి ఒక విషయము జ్ఞప్తికి వచ్చును: నడుమ స్తంభముల మండపము, చుట్టును వరుసగా చిన్నచిన్న గదులు. ఒక్కొక్క గది భిక్షువు ఏకాంతముగా నుండుటకు సరిపోవునంత. పదునేడు వందల యేండ్లకు పూర్వమే ఈ లోయలో, మనిషికి ఒంటరిగా కూర్చుండుటకు నాలుగు గోడలు కావలెనను ఎరుక గలదు.

ఆ గదులు కట్టించినది ఎవరు? రాజులు మాత్రమే కాదు. క్రీస్తుశకము మూడవ శతాబ్దికి చెందిన, ఇక్ష్వాకు వీరపురుషదత్తుని పదునాలుగవ పాలనావర్షపు ప్రాకృత శాసనము ఒకటి బోధిశ్రీ అను ఉపాసికను పేర్కొనుచున్నది. ఆమె సన్యాసిని కాదు, గృహిణి. శాసనములో ఆమె తన భర్తను, భర్తవైపు వారిని, తన పుట్టింటివారిని, అన్నదమ్ములను, అక్కచెల్లెండ్రను, బిడ్డలను వరుసగా స్మరించి, ఆ పుణ్యము వారికి చెందవలెనని కోరుకొన్నది. పిమ్మట ఆమె చేసిన దానముల పట్టిక. చైత్యగృహము, బోధివృక్ష ప్రాసాదము, చెరువు, రాతిమండపములు, దేవగిరిపై ధ్యానశాల. ఒకచోట ఒక గది, ఒకచోట మూడు గదులు, వేరొకచోట ఏడు. గదికి ఆ శాసనము వాడిన మాట “ఓవరకము”. లోపలిగదికి తెలుగున “ఓవరి” అను మాట నిఘంటువులలో ఇప్పటికిని గలదు. తెలుగు బోధించు ఉపాధ్యాయులకు ఈ రెండు మాటల చుట్టరికమును విద్యార్థులకు చూపుట ఒక ఆనందము.

ఒకటియు, మూడును, ఏడును కలసి పదునొకండు ఓవరులు. అన్నియు ఇతరుల ఏకాంతము కొరకు. ఆ పట్టికలో ఆమె తనకై ఒక్కటియు అడుగలేదు. అడుగుటకు ఆ కాలమున శాసనముతో పనియు లేదు గనుక దీనినుండి పెద్ద సిద్ధాంతము తీయుట తగదు. ఆమెకు విశాలమైన భవనమే యుండియుండవచ్చును, దాసదాసీలు ఉండియుండవచ్చును. ఐనను అంత బంధువర్గపు పేర్లను ఒక్కొక్కటిగా జ్ఞాపకము పెట్టుకొని రాతిపై చెక్కించిన ఆ మనసును ఆలోచించినప్పుడు, ఏకాంతమునకు వెలకట్టగలిగినవారు దానిని సాధారణముగా ఇతరులకే ఇచ్చివేసిరను తలంపు రాకమానదు. నేటి తల్లియు ఆ పనియే చేయుచున్నది. పదవతరగతి చదువు కొడుకునకు ఒక గది, భర్త ఫోను మాటాడుకొనుటకు ఒక గది. తనకు వంటయింటి గట్టు.

ఇంగ్లాండులో వర్జీనియా ఉల్ఫ్ 1929లో, కథలు వ్రాయగోరు స్త్రీకి కొంత సొంత ఆదాయము, తాళము వేసికొనగల ఒక గది కావలెనని వాదించి లోకప్రసిద్ధి పొందినది. ఆమెకు చాల పూర్వమే బెంగాలులో రాససుందరీదేవి యను ఇల్లాలు, గదియు లేక, ఆదాయమును లేక, చదువుట నేర్చుకొన్నది. ఆమె పన్నెండుగురు బిడ్డల తల్లి. స్త్రీ చదివినచో అనర్థమని ఇంటివారు నమ్మిన కాలము. చైతన్యభాగవతము ప్రతినుండి ఒక ఆకు, కొడుకు అక్షరములు దిద్దిన తాటాకు ఒకటి తీసి వంటయింటిలో దాచి, వంట చేయుచు చాటుగా అక్షరము అక్షరమును పోల్చుకొని చదువ నేర్చినది. పిమ్మట వ్రాయను నేర్చి, స్వీయచరిత్రను ప్రకటించినది. ఇట్టి కథ వినినప్పుడు కొందరు “చూచితిరా, సంకల్పముండవలెను గాని గది యేల?” అందురు. ఆ మాటలో ఒక క్రౌర్యము గలదు. వంటయింటిలో పొగచాటున చదివి గట్టెక్కినామె ఒక్కతె. గట్టెక్కనివారి తాటాకులు ఎన్ని పొయ్యిలో పడినవో లెక్క పెట్టినవారు లేరు.

తన పొద్దు అనగా ఏమి? చదువుటయే కానక్కరలేదు, వ్రాయుటయు కానక్కరలేదు. సాగరపు కట్టమీద గాలికి నిలబడుట కావచ్చును, సంగీతము కావచ్చును, ఏమియు చేయక కూర్చుండుట కావచ్చును. ఎవ్వరికిని లెక్క చెప్పనక్కరలేకుండుటయే దాని గురుతు. సంతకు పోయి కూరలు తెచ్చుట తన పొద్దు కాదు. ఇంటినుండి బయటపడినంత మాత్రమున పని పనికాకపోదు. అట్లే రాత్రి పదునొకండు గంటలకు అందరును పండుకొనిన పిమ్మట చీకటిలో ఫోను వెలుతురు ముఖముపై పడ చూచుచుండుటయు, చాలమంది తల్లులు అదియే తమ సమయమని చెప్పుకొనుచున్నను, నిజమునకు నిద్రనుండి అప్పు తెచ్చిన వేళ. ఉదయము ఐదు గంటలకు ఆ అప్పు వడ్డీతో తీరును.

పూర్వము ఉమ్మడి కుటుంబములలో ఈ బాధ లేదనువారు గలరు. బిడ్డను ఎత్తుకొనుటకు చేతులు ఉండెననుట నిజము. అత్తయో, తోడికోడలో, మేనత్తయో ఎవరో ఒకరు పొయ్యివద్ద నిలబడిరి. కాని ఆ ఇండ్లలో చేతులు దొరకినంత సులువుగా ఏకాంతము దొరకలేదు. మధ్యాహ్నపు పురాణకాలక్షేపమే చూడుడు. భాగవతము వినుచున్న స్త్రీల చేతులలో ప్రత్తి యుండును. కథ ముగియునప్పటికి నూరు వత్తులు సిద్ధమగును. పురుషుడు చేతులు ముడుచుకొని వినెను, స్త్రీ వత్తి చేయుచు వినెను. ఐనను ఆ సమాజము ఒక తెలివి చూపినది. కొన్ని వేళలను పండుగ పేరిట కంచె వేసి కాపాడినది. అట్లతద్దినాడు తెల్లవారకముందే లేచి తిని, ఆడి, ఉయ్యెలలూగు ఆడపిల్లలను, యువతులను పనికి పిలిచిన పెద్దలు లేరు, పిలిచినచో వ్రతభంగము. అమావాస్యనాడు పనిముట్టు ముట్టని తాపీమేస్త్రీలు ఇప్పటికిని గలరు. ఆ సెలవునకు యజమాని అనుమతి అక్కరలేదు, పంచాంగమే సెలవుచీటి. నేడు ఇంటినుండి పనిచేయు తల్లికి అట్టి కంచె ఏదియు లేదు. ఆమె ఆదివారము కూడ ఆమెది కాదు. అది ఇంటిల్లిపాదికి తలంట్ల దినము.

చట్టము ఈ వంకకు చూడకపోలేదు. 2017లో సవరింపబడిన ప్రసూతి ప్రయోజన చట్టము ఇరువదియారు వారముల సెలవుతో పాటు, సెలవు ముగిసిన పిమ్మట పని స్వభావమునుబట్టి, యజమానికిని ఉద్యోగినికిని కుదిరిన ఒప్పందమునుబట్టి ఇంటినుండి పని చేయవచ్చునని చెప్పినది. ఏబదిమంది, అంతకు మించి పనిచేయు చోట శిశుసంరక్షణాలయము ఉండవలెననియు చెప్పినది. ఈ నిబంధనలు 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోనికిని వచ్చినవి. కాని రెండింటిని కలిపి చదివినప్పుడు నడుమ ఒక సందు కానవచ్చును. కార్యాలయమునకు పోవు తల్లికి బిడ్డను విడుచుటకు చోటు గలదు. ఇంటినుండి పనిచేయు తల్లి బిడ్డ ఆమె ఒడిలోనే యున్నదని చట్టము ఊహించుచున్నది. ఒడిలో బిడ్డయు, ఎదుట తెరయు ఉన్నప్పుడు రెండు పనులును చక్కగా సాగునని తలచినవారు ఏనాడైనను రెండేండ్ల బిడ్డను పట్టినవారు కారు. ఫ్రాన్సు దేశములో 2017 జనవరినుండి అమలులోనికి వచ్చిన చట్టము, పనివేళలు దాటిన పిమ్మట ఉద్యోగి కార్యాలయపు సందేశములకు దూరముగా నుండు హక్కును గుర్తించినది. ఇక్కడ రాత్రి తొమ్మిదింటికి “ఒక్క నిమిషము” అని వచ్చు పిలుపునకు ఎదురుచెప్పు ధైర్యము ఎందరికి గలదు?

తండ్రుల మాట. ఇంటినుండి పనిచేయు తండ్రులును అనేకులు. భార్య ఆసుపత్రిలోనో, పాఠశాలలోనో పనిచేయుచుండ, ఇల్లు కనిపెట్టుకొని యుండు పురుషులు పెరుగుచున్నారు. వారికిని ఈ అలసట తెలియును. కాని ఒకే యింటిలో ఇద్దరును ఇంటినుండి పనిచేయుచున్న చోట చూడుడు. తండ్రి గది తలుపు మూసికొనును. “నాన్నగారు పనిలో ఉన్నారు, అల్లరి చేయకండి” అని తల్లి పిల్లలను మందలించును. తల్లి పనిలో నున్నప్పుడు అట్లు మందలించువారు ఎవరు? ఆమెకు తలుపే లేదు. ఉన్నను మూయుటకు మనసు రాదు. మూసినను పిల్లలు తట్టెదరు, ఎందుకనగా తట్టినచో తెరచుకొనునని వారికి తెలియును. తండ్రి ఆ తలుపుదగ్గర అరగంటసేపు కూర్చుండి పిల్లలను ఆడించినచో, ఇంటిలో కొత్త గది కట్టినంత ఫలము. అందుకు సిమెంటుతో పని లేదు.

ఉపాధ్యాయులకు ఈ విషయము కొత్త కాదు. లాప్‌టాప్ రాకముందే వారు పనిని ఇంటికి మోసినవారు. జవాబుపత్రముల కట్ట సంచిలో పెట్టుకొని వచ్చి, రాత్రి పిల్లలు పండుకొనిన పిదప ఎఱ్ఱసిరా కలముతో కూర్చుండిన ఉపాధ్యాయినులు ఏ తరములో లేరు? 2020, 2021 సంవత్సరములలో ఫోనును డబ్బామీద నిలిపి పాఠములు చెప్పినప్పుడు, తరగతిలోని బిడ్డలకును, తన బిడ్డకును ఒకేసారి బదులు చెప్పవలసి వచ్చిన అనుభవము వారికి ఇంకను పచ్చిగానే యున్నది. అందుచేతనే వారికొక మాట చెప్పుటకు వీలున్నది. ఇతరుల పొద్దును తెలియక తినివేయువారిలో పాఠశాల ఒకటి. రాత్రి ఎనిమిది గంటలకు తల్లిదండ్రుల వాట్సాప్ బృందములో ఒక సందేశము వచ్చును: రేపు ఉదయమునకు జలచక్రము నమూనా, లేదా అయిదుగురు స్వాతంత్ర్యయోధుల బొమ్మలతో చార్టు. ఆ చార్టు బాలుడు చేయడు. అంగడి మూయకముందు థర్మోకోలు తెచ్చి, కత్తిరించి, జిగురు పెట్టి, పదునొకండు గంటలకు ముగించునది తల్లి. మరునాడు తరగతిలో మంచి మార్కులు వచ్చునదియు ఆమెకే. పేరు మాత్రము బాలునిది. ఆ బొమ్మ పిల్లవానికి ఏమి నేర్పినదో ఉపాధ్యాయులే చెప్పవలెను. ఒక వారము ముందుగా చెప్పి, తరగతిలోనే చేయించి, వంకరగా వచ్చినను వానిచేతి పనినే గోడకు తగిలించిన పాఠశాల కొన్ని ఇండ్లకు ఒక్కొక్క రాత్రిని దానము చేసినదగును.

విద్యార్థులు పెద్దవారైన కొలది తమ కంచము తాము కడుగుకొనుట, రేపటి సంచి ఈ రాత్రి సర్దుకొనుట అడుగకనే చేయవచ్చును. అడిగించుకొని చేసినచో జ్ఞాపకము చేయు పని తల్లికే మిగులును. ఆ జ్ఞాపకమే పనిలోకెల్ల బరువైనది. గురుకులములలో చదువు బాలబాలికలకు ఇవన్నియు అలవాటే. విజయపురి సౌత్‌లోనే గురుకుల కళాశాలలు గలవు. అక్కడ తన బట్టలు తాను ఉతుకుకొన్న బాలుడు సెలవులకు ఇంటికి రాగానే ఆ విద్య మరచుట ఒక వింత.

గది లేనివారి మాట మిగిలినది. రెండు గదుల యింటిలో మూడవ గది పుట్టదు. ఊరికి ఉమ్మడిగా ఒక గది గలదు: గ్రంథాలయము. గ్రంథాలయోద్యమము నడిపినవారు ఊరూర పుస్తకముతో పాటు ఒక బల్ల, ఒక కుర్చీ, కొంత నిశ్శబ్దము నిలిపిరి. కాని శాఖాగ్రంథాలయములు చాలవరకు ఉదయము కొన్ని గంటలు, సాయంత్రము కొన్ని గంటలు తెరచియుండును. ఉదయము బిడ్డలకు కారేజీలు కట్టు వేళ; సాయంత్రము వారు బడినుండి వచ్చు వేళ. ఆ గంటలు నిర్ణయించినవారి మనసులో నున్న పాఠకుడు పురుషుడని వేరుగ చెప్పనక్కరలేదు. చిన్నవాడు అంగన్‌వాడీలోను, పెద్దది బడిలోను, కార్యాలయము భోజనవిరామములోను ఉండు మధ్యాహ్నపు వేళ గ్రంథాలయపు తలుపునకు తాళము వ్రేలాడుచుండును. జిల్లా గ్రంథాలయ సంస్థలు వారమునకు రెండు దినములైనను, ఒంటిగంట మొదలు మూడుగంటల వరకు, ఆ తలుపు తెరచి చూడవచ్చును. కొత్త భవనము అక్కరలేదు, కొత్త పుస్తకములు వెంటనే అక్కరలేదు. ఒక ఫ్యాను, త్రాగుటకు నీరు, కిటికీప్రక్కన ఒక కుర్చీ, అక్కడ కూర్చున్నామెను “ఇంట్లోనేగా ఉండేది” అని పిలువనివారు ఉన్న చాలును.